మబ్బు చెప్పింది... సైకిల్ విన్నది!

శివరాత్రి వెళ్లింది. ఉగాది ఇంకా రాలేదు. పొద్దున స్వెట్టర్, మధ్యాహ్నం చెమట, సాయంత్రం వడగళ్లు... మూడూ ఒకే రోజులో చూపించే కాలమిది. సికింద్రాబాద్ తిరుమలగిరి నుంచి శామీర్‌పేట చెరువు దాకా సరదాగా సైకిల్ తొక్కి రావాలనుకునేవారికి ఇంతకన్నా మంచి రోజులు లేవు. ఇంతకన్నా మోసం చేసే రోజులూ లేవు!

‘‘నాన్నా, ఇంకో అయిదు కిలోమీటర్లే!’’

తూంకుంట దగ్గర రోడ్డు పక్కన సైకిల్ ఆపి మా అమ్మాయి అన్న మాట అది. తొమ్మిదో తరగతి చదువుతోంది. గేర్ల సైకిల్ కొని నెల కూడా కాలేదు. శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి ఫొటో దిగి, స్నేహితురాళ్లకు పంపాలని వారం రోజులుగా ఒకటే కల. ఆ ఆదివారం పొద్దున ట్యూషన్ ఉండటంతో మధ్యాహ్నం మూడున్నరకు బయల్దేరాం. నిజం చెప్పాలంటే అదే నేను చేసిన మొదటి తప్పు. అదెందుకో తర్వాత చెబుతా.

ఎండ చుర్రుమంటోంది. ఆకాశం నీలంగానే ఉంది. కానీ ఎడమవైపు, మేడ్చల్ దిక్కున, గోపురంలా ఓ మబ్బు లేచింది. పైన దూదిలా తెలుపు, కింద కాటుక నలుపు. అంతవరకూ వేడిగా కొట్టిన గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. రోడ్డు పక్క వేపచెట్టు ఆకు కూడా కదల్లేదు.

‘‘వెనక్కి తిప్పు తల్లీ’’ అన్నా.

‘‘ఎందుకు? వాన ఎక్కడుంది?’’

దాని ప్రశ్నకు జవాబు నా ఎడమ భుజంలో ఉంది. నాలుగేళ్ల కిందట ఇలాంటి మార్చిలోనే, ఇలాంటి మబ్బునే చూసి, ‘ఇంకెంత... ఇల్లు దగ్గర్లోనే’ అనుకుంటూ తొక్కాను. లోతుకుంట దాటాక తొలి చినుకులు పడ్డాయి. రోడ్డు మీది తెల్ల గీత ఎక్కిన ముందు చక్రం సర్రున జారింది. మెడ కింది ఎముక, డాక్టర్లు కాలర్ బోన్ అంటారే, అది విరిగింది. ఆరు వారాలు చొక్కా గుండీ కూడా మా ఆవిడే పెట్టింది. సైకిల్ మీంచి పడ్డవాళ్లలో ఎక్కువగా విరిగే ఎముకల్లో అదొకటని అప్పుడు తెలిసింది.

చెట్ల నీడల్లోంచి చెరువు దాకా...

మళ్లీ మొదట్నుంచీ వద్దాం. తిరుమలగిరి చౌరస్తా సైకిల్ వాళ్లకు మంచి కూడలి. ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం కందకం తవ్వి, కోట కట్టుకుని మకాం వేసిన చోటిది. ఇప్పటికీ కంటోన్మెంటే. ఆ వీధులకు పాత చెట్లే అందం. నిద్రగన్నేర్లు, మర్రులు, వేపలు రోడ్డుకు రెండువైపులా గొడుగు పడతాయి. ఫిబ్రవరి చివర్లో ఆకులన్నీ రాలతాయి. మార్చి వచ్చేసరికి కానుగ చెట్లు లేత ఆకుపచ్చగా మెరుస్తాయి. తెల్లవారుజామున ఆ నీడల్లో తొక్కుతుంటే మనం ఉన్నది మహానగరంలోనేనా అనిపిస్తుంది.

అయితే ఆ దారుల్లో కొన్ని సైన్యం చేతిలో ఉన్నవి. కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను జనానికి తెరవమని 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా ఆదేశాలిచ్చింది. అయినా సెంట్రీ ఆపితే వాదన పెట్టుకోకుండా మరో దారి చూసుకోవడమే మర్యాద.

పెద్ద రోడ్డు రాజీవ్ రహదారి. సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వైపు పోయేది ఇదే. లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట... ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతే శామీర్‌పేట. తిరుమలగిరి నుంచి సుమారు పదిహేడు కిలోమీటర్లు. రానూపోనూ కలిపితే ముప్ఫై నాలుగు. కొత్తగా తొక్కేవారికి మరీ ఎక్కువా కాదు, అలాగని తక్కువా కాదు.

దారిలో చూడ్డానికీ బోలెడు ఉన్నాయి. బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. 1860లో కట్టిన భవనం, దాదాపు 90 ఎకరాల ఆవరణ. ఒకప్పుడు ఏడాదికి కొన్ని రోజులే జనాన్ని లోపలికి రానిచ్చేవారు. 2023 మార్చి 22న, సరిగ్గా ఉగాది నాడు, ఏడాది పొడవునా చూసే వీలు కల్పించారు. హకీంపేట దగ్గర వాయుసేన స్థావరం వస్తుంది. ఒక్కోసారి నెత్తి మీంచే శిక్షణ విమానం దూసుకుపోతుంది. చివర్లో పెద్ద చెరువు, పక్కనే జింకల పార్కు.

ఇంత అందం ఉన్న దారిలో ఒకటే లోటు. సైకిల్‌కంటూ ఓ వరస లేదు. ఆర్టీసీ బస్సు, ఇసుక లారీ, ఆటో... అన్నింటి పక్కనా రెండడుగుల జాగాలో మనం! నగరం పడమటి వైపున, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబరు 1న మొదలైంది. పైకప్పుగా సౌర పలకలు పరిచారు. అయితే తిరుమలగిరి వాళ్లకు అది ఊరికి అవతలి మూల. ఇటువైపు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఔటర్ దాకా సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది. పెద్ద బండ్లు పైనుంచి పోతే కిందనైనా సైకిల్‌కి చోటు దొరుకుతుందా? మా అమ్మాయి తరం వాళ్లు అడగాల్సిన ప్రశ్న అది.

పొద్దున ఒకలా... సాయంత్రం ఒకలా

‘శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది’ అంటారు పెద్దలు. పోతుంది నిజమే గానీ, పోతూ పోతూ గుమ్మం దగ్గర కాసేపు నిలబడుతుంది! హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న పీఠభూమి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తొందరగా చల్లారుతుంది. మార్చిలో తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర ఉండేది మధ్యాహ్నానికి 35 చేరుతుంది. అంటే ఒక్క పూటలోనే పదిహేను డిగ్రీల తేడా.

మరి ఉన్నట్టుండి ఆ మబ్బు ఎక్కడిది? ఈ రోజుల్లో బంగాళాఖాతం మీంచి తేమ గాలి మనవైపు వీస్తుంది. ఉత్తరం, పడమర దిక్కుల నుంచి పొడి గాలి వస్తుంది. రెండూ దక్కన్ మీద కలుస్తాయి. మధ్యాహ్నం ఎండకు కాగిన నేల ఆ తేమను పైకి తోస్తుంది. నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు దాటితే అక్కడంతా గడ్డకట్టే చలి. పైకి లేచిన నీటిబొట్లు గడ్డకట్టి, గాలి తోపుకు కిందికీ మీదికీ తిరుగుతూ బరువెక్కుతాయి. ఇక గాలి మోయలేనప్పుడు పడేవే వడగళ్లు. ఇదంతా తయారవడానికి ఎండ కావాలి కాబట్టే ఈ వానలు ఎక్కువగా మధ్యాహ్నం మూడు తర్వాతే పలకరిస్తాయి. మూడున్నరకు బయల్దేరడం తప్పు అన్నది అందుకే!

ఇది సైకిల్ సరదాకే పరిమితమైన సంగతి కాదు. 2023 మార్చి 16 నుంచి మూడు నాలుగు రోజులు తెలంగాణలో వడగళ్లు కురిశాయి. వికారాబాద్ వైపు నేల మీద మంచు పరిచినట్టు తెల్లగా కనిపించిన ఫొటోలు మీకు గుర్తుండే ఉంటాయి. చేతికొచ్చిన పంట పోయింది. నష్టపోయిన రైతులకు ఎకరానికి పది వేల రూపాయలు ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. అదే మబ్బు మనకు ఓ ఆదివారం పాడు చేస్తుంది, రైతుకు ఏడాది కష్టాన్నే మింగేస్తుంది.

ఇరవై నాలుగు... ఎనిమిది!

మళ్లీ తూంకుంటకు వద్దాం. అమ్మాయి మూతి ముడుచుకుంది. సైకిల్ తిప్పింది గానీ మాట్లాడటం మానేసింది. రెండు కిలోమీటర్లు వచ్చామో లేదో, చల్లటి గాలి ఒక్క తోపు తోసింది. దుమ్ము కళ్లలో పడింది. ‘హమ్మయ్య, చల్లబడింది’ అనుకుంటాం గానీ, ఆ చల్లగాలి వాన పంపిన కబురు. మబ్బులోంచి కిందికి దూకిన గాలి నేలకు తగిలి నలువైపులా పరుచుకుంటుంది. అది ముఖానికి తగిలిందంటే గాలివాన దగ్గర్లోనే ఉన్నట్టు.

అప్పుడే మెరిసింది.

‘‘లెక్కపెట్టు’’ అన్నా. అలక మర్చిపోయి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు దగ్గర ఉరిమింది. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ఇరవై నాలుగును మూడుతో భాగిస్తే ఎనిమిది. పిడుగు ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై సెకన్లకన్నా తక్కువుంటే వెంటనే పక్కా భవనంలోకి వెళ్లిపోవాలి. చివరి ఉరుము విన్నాక అర గంట దాకా బయటికి రాకూడదు. ఇది ప్రపంచమంతా పాటించే సూత్రం.

హకీంపేట దగ్గర శ్లాబు ఉన్న ఓ టీ హోటల్లోకి దూరాం. ‘‘సైకిళ్లు కూడా లోపల పెట్టుకో అన్నా, తడుస్తయ్’’ అన్నాడు హోటలాయన. పక్కనే పెద్ద మర్రిచెట్టు కింద ఇద్దరు బైకుల వాళ్లు ఆగారు. ఆయనే కేకేసి వాళ్లనూ లోపలికి రమ్మన్నాడు. చెట్టు కింద నిలబడటం పిడుగుకు ఎదురెళ్లడమే. టైర్లు రబ్బరువి కదా, కరెంటు పాకదు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆకాశంలోంచి కిలోమీటర్ల దూరం దూకి వచ్చే పిడుగుకు అంగుళం రబ్బరు ఓ లెక్కా! జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు చనిపోయినవారు 2,887 మంది. ఆ ఏడాది ప్రకృతి విపత్తుల వల్ల పోయిన ప్రాణాల్లో మూడోవంతుకు పైగా ఇవే.

అయిదు నిమిషాల్లో రేకుల మీద రాళ్లు విసిరినట్టు చప్పుడు. వడగళ్లు! రోడ్డంతా గోలీకాయలు దొర్లినట్టయింది. అమ్మాయి ఒకటి ఏరి అరచేతిలో పెట్టుకుంది. పావుగంట తర్వాత అంతా ఆగిపోయింది. పడమర నుంచి ఎండ కూడా వచ్చింది.

‘‘ఆగింది కదా, శామీర్‌పేట పోదామా?’’

‘‘చివరి ఉరుము ఎప్పుడు వినపడింది?’’

గడియారం చూసుకుంది. ‘‘అర గంట కాలేదు’’ అని తనే కూర్చుంది. ఇంకో టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు ఆర్డరిచ్చాం.

తడి రోడ్డు పాఠాలు

ఇంటికి తిరిగొచ్చే దారి అంతకంటే పెద్ద పాఠం. నెలల తరబడి వాన లేని రోడ్డు మీద బండ్లు కార్చిన నూనె, టైర్ల పొడి, దుమ్ము పేరుకుని ఉంటాయి. తొలి చినుకులకు ఇదంతా కలిసి జిడ్డులా పైకి తేలుతుంది. అందుకే జోరువాన కంటే తొలి పది నిమిషాల తుంపరే ఎక్కువ పడేస్తుంది. తెల్ల గీతలు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు, రాలిన తడి ఆకులు... ఈ మూడింటి మీదా మలుపు తిప్పకూడదు, బ్రేకు వేయకూడదు. నిటారుగా దాటిపోవాలి. చక్రం అంచును పట్టే మామూలు బ్రేకులైతే తడిలో వెంటనే పట్టవు. ముందుగానే రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి నీళ్లు తుడిచేయాలి. నీళ్లు నిలిచినచోట గుంత ఎంత లోతో ఎవరికీ తెలియదు. అందుకే చుట్టూ తిరిగి పోవడమే మేలు.

బొల్లారం దగ్గర ఓ వేప కొమ్మ విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. అమ్మాయి దాన్ని చూసింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

వాళ్లే బస్సెక్కారు!

వెనక్కి తిరగడమంటే ఓడిపోవడమేనన్న భావన మనలో బాగా నాటుకుపోయింది. ఇటలీలో మిలాన్-సాన్ రెమో అనే సైకిల్ పందెం ఉంది. 1907లో మొదలైంది. వసంతం మొదట్లో వస్తుంది కాబట్టి అక్కడివాళ్లు దాన్ని ‘ప్రిమవేరా’ అని ముద్దుగా పిలుస్తారు. అంటే వసంతం అనే అర్థం. దూరం దాదాపు 300 కిలోమీటర్లు. 1910లో ఆ పందెం రోజున మంచు కురిసింది. గమ్యం చేరినట్టు లెక్కకొచ్చింది నలుగురే! గెలిచిన ఫ్రెంచి వీరుడు యూజీన్ క్రిస్టోఫ్ చలికి పడ్డ పాట్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

నూట మూడేళ్ల తర్వాత, 2013 మార్చి 17న, అదే పందెంలో మళ్లీ మంచు. ఈసారి నిర్వాహకులు పందేన్ని మధ్యలో ఆపారు. ప్రపంచంలోకెల్లా గొప్ప సైకిల్ వీరులందర్నీ బస్సులెక్కించి, కొండ దాటించి, అవతల మళ్లీ మొదలుపెట్టించారు. వాళ్లే బస్సెక్కగా లేనిది, తూంకుంటలో వెనక్కి తిరిగితే మన పరువేం పోతుంది?

మన నగరంలోనూ దూరాలు తొక్కేవారు తక్కువేం లేరు. హైదరాబాద్ ర్యాండొనర్స్ వాళ్లు ‘బ్రెవే’లు నిర్వహిస్తుంటారు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. ఎండైనా వానైనా గడియారం ఆగదు. నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ అయితే 1200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. అలాంటి చోట్ల కూడా ఆరోగ్యం బాగోలేకనో వాతావరణం చూసో మధ్యలో ఆగినవారిని ఎవరూ చిన్నచూపు చూడరు. మరోసారి రమ్మంటారు, అంతే.

చొక్కాలో పేపర్!

మరుసటి ఆదివారం ట్యూషన్ లేదు. పొద్దున అయిదున్నరకే బయల్దేరాం. అల్వాల్ దాటేసరికి చలిగాలి ఛాతీకి కొడుతోంది. స్వెట్టర్ వేసుకుంటే గంటలో ఉడికిపోతాం, వేసుకోకపోతే ఇప్పుడు వణుకు. దీనికి యూరప్ సైకిల్ వీరులు ఏనాడో కనిపెట్టిన చిట్కా ఒకటుంది. కొండ దిగేటప్పుడు చొక్కా లోపల ఛాతీ మీద పాత వార్తాపత్రిక పెట్టుకుంటారు. కాగితం గాలిని ఆపుతుంది, చెమట పీల్చుకుంటుంది. వేడెక్కాక తీసి మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. పేపర్ వేసే కుర్రాళ్లకు సైకిల్‌తో ఉన్న అనుబంధం తెలుసుగానీ, పేపర్‌కీ సైకిల్‌కీ ఇంకో చుట్టరికం ఉందని నాకూ అప్పుడే తెలిసింది!

ఏడు గంటలకు శామీర్‌పేట చెరువు. నీళ్ల మీద పల్చటి పొగమంచు. అమ్మాయి ఫొటో దిగింది. ఇడ్లీ బండి దగ్గర నాలుగేసి ఇడ్లీలు లాగించి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాం.

అసలు సంగతి ఆ తర్వాతి వారం జరిగింది. ఆ రోజూ పొద్దున్నే బయల్దేరాం. బొల్లారం దాటాం. ఆకాశం నాకు మామూలుగానే కనిపించింది. నా ముందు తొక్కుతున్న అమ్మాయి చెయ్యెత్తి, సైకిల్ పక్కకు తీసి ఆపింది.

‘‘నాన్నా, అటు చూడు. కింద నల్లగా ఉంది. గాలి కూడా ఆగిపోయింది. తిప్పేద్దామా?’’

కళ్లజోడు తుడుచుకుని చూశా. మేడ్చల్ దిక్కున, చెట్ల వెనక, నిజంగానే ఓ మబ్బు లేస్తోంది. పొద్దున పూట రాకూడదని దానికెవరు చెప్పారు!

‘‘తిప్పేద్దాం’’ అన్నా.

ఆ రోజు వాన రానే లేదు. మధ్యాహ్నం దాకా ఎండే కాసింది. అమ్మాయి కొంచెం సిగ్గుపడింది. నేను మాత్రం చాలా రోజుల తర్వాత నిశ్చింతగా ఉన్నా. ఇక తను నేను లేకుండా కూడా సైకిల్ మీద వెళ్లి రాగలదు.

బయల్దేరే ముందు...

* తెల్లవారుజామునే బయల్దేరి తొమ్మిదిలోపు ఇల్లు చేరేలా చూసుకోండి. ఈ కాలంలో సాయంత్రాలను నమ్మొద్దు.

* వాతావరణ శాఖ హెచ్చరికల్లో ఆకుపచ్చ ఉంటే భయం లేదు. పసుపు ఉంటే జాగ్రత్త. నారింజ, ఎరుపు కనిపిస్తే సైకిల్‌కి సెలవు. పిడుగుల కబురు ముందే చెప్పే ‘దామిని’ యాప్‌ను ఫోన్లో పెట్టుకోండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ దాన్ని తయారుచేసింది.

* హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్లు తప్పనిసరి. మబ్బు పడితే పగలైనా లైట్లు వేయండి.

* ఫోను, డబ్బులు పెట్టుకోవడానికి ఓ ప్లాస్టిక్ కవరు, పంక్చర్ సామాను, చిన్న పంపు, రెండు సీసాల నీళ్లు వెంట ఉండాలి.

* తడిసి వచ్చాక గొలుసు తుడిచి, రెండు చుక్కల నూనె వేయండి. లేదంటే మర్నాటికే తుప్పు పలకరిస్తుంది.

* దారిలో ఎక్కడెక్కడ పక్కా భవనాలున్నాయో వెళ్లేటప్పుడే గుర్తుపెట్టుకోండి. వచ్చేటప్పుడు అవసరం పడొచ్చు.